నాలుగో దెబ్బ

తొమ్మిదో రోజు కూడా నాంచారమ్మ పొద్దున్నే లేచి నల్లేరు నూరింది. నల్లేరు నూరితే చేతులు దురద పెడతాయి. చింతపండు రాసుకుంటే తగ్గుతుందని ఆమెకు తెలుసు. వంటింట్లో ముంతనిండా చింతపండు ఉంది కూడా. అయినా రాసుకోలేదు. పెట్టనీ, నాకు ఆ మాత్రం కావలసిందే అనుకుంది. ముద్దను ఆముదంలో వెచ్చచేసి, పాత చీర చింపిన పేలికలో పరిచి, అరుగు మీద కూర్చున్న మొగుడి కుడి మణికట్టుకు కట్టింది. సూరిబాబు చెయ్యి ఆమెకిచ్చి మొహం చెరువు వైపు తిప్పుకున్నాడు. తొమ్మిది రోజులుగా అతను ఆమె మొహం చూడలేదు.

"వాపు తీసిందా?" అని లోపలినుంచి అత్తగారు మంగమ్మ అడిగింది. తీసిందని నాంచారమ్మ చెప్పింది. తీయలేదు. మంగమ్మ గుమ్మంలోకి వచ్చి కొడుకు చేతికేసి చూసి, తమ వంశానికి దోనెలు అచ్చిరాలేదంది. తనూ కొత్తకోడలుగా ఉన్నప్పుడు దోనె దిగుతూ జారిందట. ఎడమ మోచెయ్యి విరిగి, వంకరగా అతుక్కుని, నలభై ఏళ్లయినా చాచడానికి రాదు. ఆ చేత్తోనే ఇన్నేళ్లూ చేపలు తోమింది, చేపలు పట్టే మావులు అల్లింది, నలుగురు పిల్లల్ని ఎత్తుకుంది. ఆ సంగతి ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పేది. దోనె దిగుతూ జారాను, అంతే.

సూరిబాబు కూడా అదే ముక్క చెప్పాడు. కొల్లేట్లో పుట్టి కొల్లేట్లో పెరిగినవాడు దోనె దిగుతూ జారడమేమిటని లంకలో ఒకరిద్దరు నవ్వుకున్నారు గాని, తిరిగి అడిగినవాళ్లు లేరు. నిజం తెలిసింది ఇద్దరికే. ఆ ఇద్దరూ తేలుకుట్టిన దొంగల్లా నోళ్లు మూసుకున్నారు.

జరిగింది చెప్పుకోవడానికి కూడా పెద్దదేమీ కాదు. సూరిబాబు నూనె పట్టించి పెట్టుకున్న సాముకర్రను నాంచారమ్మ ఎండుచేపల తీగకు ఊతంగా పెట్టింది. ఉన్న ఊతకర్ర విరిగింది, పైన కాకులు తిరుగుతున్నాయి, చేతికి అదే దొరికింది. అతను వచ్చి చూశాడు. కర్ర లాక్కుని వాసన చూశాడు. పొయ్యి దగ్గర జావ కలుపుతున్న ఆమె మీదికి వచ్చి, ఎప్పటిలాగే ఆ కర్ర ఎత్తాడు. ఎప్పటిలాగే ఆమె కూడా తలవంచి భుజం ఇవ్వాల్సింది. పన్నెండేళ్లుగా ఇస్తూనే ఉంది. కాని ఆ పూట తల వంగలేదు. చేతిలోని తెడ్డు దానంతటదే లేచింది. ఒక అడుగు పక్కకు, సగం తిరుగుడు, కింద నుంచి పైకి ఒక్క దెబ్బ. కర్ర పొయ్యి పక్కన పడింది. సూరిబాబు మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. ఆ క్షణాన అతని మొహంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. నాంచారమ్మ అతని కాళ్లు పట్టుకుని, నేను కాదండీ, నా చెయ్యండీ, నా చెయ్యండీ అంటూ ఏడ్చింది. జావ అడుగంటి ఇల్లంతా మాడు వాసన కొట్టింది.

చేతికి అంత విద్య ఎక్కడిదంటే, అతనిచ్చిందే. ఇచ్చానని అతననుకోలేదు, పుచ్చుకున్నానని ఆమె అనుకోలేదు. సాము ఒక్కడే చేసేది కాదు, ఎదురుగా ఒక మనిషి ఉండాలి. లంకలో తెల్లవారుజామున మగవాళ్లంతా మావులు ఎత్తడానికి పోతారు. మిగిలింది పెళ్లాం. ఐదేళ్లపాటు నాంచారమ్మ చీకటితో లేచి, కళ్లాపి చల్లి, పొయ్యి రాజేసి, అంట్లు తోమడానికీ చేపలు ఎండబెట్టడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో అతనికి ఎదురుగా కర్ర పట్టుకు నిలబడింది. మట్టి ఉండలు చేసింది, విసిరింది, మళ్లీ ఏరుకొచ్చింది. అడుగులు లెక్కపెట్టి పైకి చెప్పింది. అతను మర్చిపోయిన మలుపు ఆమె గుర్తుచేస్తే, మధ్యలో నోరేంటే అని ఒకటి తగిలించేవాడు. మర్నాడు ఆమె చెప్పినట్టే తిరిగేవాడు. ఇది ఒక పని అని ఎవరూ అనలేదు. మా కోడలికి పొద్దున్నే మొగుడితో ఆటలని మంగమ్మ పొరుగమ్మతో నవ్వుతూ అనేది. సాములోని పన్నెండు పాఠాలూ ఆమె ఒంటికి ఎప్పుడు ఎక్కాయో ఆమెకే తెలియదు. ఇంటి సొమ్ము దొంగిలించినట్టు, ఇప్పుడు అది కూడా తప్పుగానే తోచింది.

ఆ పన్నెండింటిలో నాలుగోది మణికట్టు దెబ్బ. ఎదుటివాడు కొట్టడానికి చెయ్యి పైకెత్తినప్పుడు ఎముక కింద ఒక చోటు బయటపడుతుంది, అక్కడ కొట్టాలి. చెయ్యి దించి ఉన్నవాడికి ఆ దెబ్బ ఎంత చేసినా తగలదు. సాము నేర్పే గరిడీలో చేరిన కుర్రవాడికైనా ఆ సంగతి మొదటి ఏడాదే తెలుస్తుంది.

గరిడీ వట్లూరులో ఉంది. ఏలూరు మిషను స్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిన ఎలీయాజరు, తన ఇంటి వెనక మామిడిచెట్ల కింద దాన్ని నడుపుతున్నాడు. సూరిబాబు వారానికొకసారి దోనె మీదా, ఆ పైన నడిచీ అక్కడికి పోయి నేర్చుకుని వచ్చేవాడు. అక్కడ మూడేళ్లకు ఎర్రదట్టీ, ఇంకో రెండేళ్లకు నల్లదట్టీ. నల్లదట్టీ అంటే సంతలో మూర లెక్కన దొరికే గుడ్డే, నడుముకు నాలుగు చుట్లు చుట్టుకుంటే అయిపోతుంది. కాని మాస్టారి చేత కట్టించుకోవాలంటే పన్నెండు పాఠాలూ తడబడకుండా చేసి చూపాలి. ఇరవైమంది చుట్టూ నిలబడి మట్టి ఉండలు విసురుతుంటే కర్ర తిప్పి ఆపాలి, మూడుకు మించి ఒంటికి తగలకూడదు. ఆఖరున కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి పొట్ట మీద పెట్టిన దోసకాయను కత్తితో ఒక్క వేటుకు రెండు చెక్కలు చెయ్యాలి. దోసకాయ కింద తమలపాకు ఉంటుంది. ఆకు మీద గీత పడకూడదు.

ఇంతవరకూ ఏ గరిడీలోనైనా ఉండేదే. మాస్టారు కలిపింది ఒకటి. పడుకునే మనిషి శిష్యుడి ఇంటి మనిషే కావాలి, అదే కుండలో కూడు తినాలి. కత్తి ఇచ్చే ముందు మాస్టారు ఆ మనిషిని ఒక్కమాట అడుగుతాడు, ఈ చేతికి భయపడతావా అని. భయం లేదంటేనే కత్తి ఇస్తాడు. ఇంట్లోవాళ్లు భయపడే చేతికి దట్టీ ఎందుకు, అలాంటి చేతులు ఊళ్లో ఊరికే చాలా ఉన్నాయి అనేవాడాయన. ఇన్నేళ్లలో భయమని చెప్పిన ఇంటి మనిషి ఒక్కరూ లేరు. ఏ ఇంట్లోనూ భయం లేదనా? మాస్టారు మంచివాడే, కాని మగవాడు. అడిగితే చెబుతారనుకున్నాడు.

నాంచారమ్మ రెండేళ్ల క్రితమే చెప్పేసింది. ఎర్రదట్టీనాడు ప్రశ్న కాస్త తేలిక, ఇంట్లో చెయ్యెత్తాడా అమ్మా అని. లేదండీ అంది. అప్పుడు ఆమె వీపున రవిక కింద కర్ర వాత ఇంకా పచ్చిగానే ఉంది. ఇంటికొచ్చాక మంగమ్మ మెచ్చుకుంది, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, మంచిపని చేశావంది. ఆ మెప్పు నాంచారమ్మకు వాతకన్నా ఎక్కువ రోజులు నొప్పి పెట్టింది. ఇప్పుడు నల్లదట్టీ వస్తే తాడేపల్లిగూడెం బోర్డు స్కూల్లో డ్రిల్లు మాస్టారు పని ఖాయం. మాస్టారి చీటీ ఒక్కటే తక్కువ. పనొస్తే లంక వదిలి పోవచ్చు, చేపల కంపు వదిలిపోతుంది, నెలకింతని జీతం. సూరిబాబు అందరితోనూ చెప్పేశాడు. ఆమెకు మాత్రం స్కూలు అన్నప్పుడల్లా పిల్లలే కళ్లముందుకు వచ్చేవారు. వరసలో నిలబడి, చెయ్యి చాచమంటే చాచే చిన్నపిల్లలు. నా ఒక్క అబద్ధం వీళ్ల చేతులదాకా పోతుందా అని ఉలిక్కిపడేది. మరుక్షణమే, మొగుడి అన్నం నోటిదాకా వస్తుంటే పడగొట్టాలని చూస్తున్న పాపిష్టిదాన్ని అని తిట్టుకునేది. ఎటు చూసినా తప్పు తనదే అయింది.

పెద్దింట్లమ్మ తిరనాళ్లు ఇంకా వారం ఉందనగా, ఆ తొమ్మిదో రోజునే పరీక్ష వచ్చింది. మంగమ్మతో కలిసి ముగ్గురూ దోనెలో ఒడ్డుకు చేరి, అక్కణ్ణించి బండి కట్టించుకుని వట్లూరు వెళ్లారు. దారిలో సూరిబాబు మణికట్టు కట్టు విప్పేశాడు. విప్పుతూ, తొమ్మిది రోజుల్లో మొదటిసారి, ఆమెతో మాట్లాడాడు.

"ఏం చెప్పాలో తెలుసుగా."

ఆమె తల ఊపింది. మణికట్టు ఇంకా నీలంగానే ఉంది. ఆ చేత్తో కత్తి పడితే వేటు ఎక్కడ ఆగుతుందో అతనికీ తెలియదని ఆమెకు తెలిసింది. భయం వేయలేదు. ఆకు మీద గీత పడితే పడనీ, ఆకు కిందకీ దిగితే దిగనీ, నేను కొట్టిన చెయ్యే నన్ను కోస్తుంది, లెక్క సరిపోతుంది అనుకుంది. ఇలా అనుకోవడంలో ఆమెకు ఒక రకమైన హాయి కూడా కలిగింది. తప్పు చేసినవాళ్లకు శిక్ష దగ్గర పడుతుంటే కలిగే హాయి.

మాస్టారి భార్య హన్నమ్మ ఆడవాళ్లిద్దర్నీ లోపలికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చింది. నాంచారమ్మ గ్లాసు పట్టుకున్న చేతులు చూసి, ఏంటమ్మా దద్దుర్లు అని అడిగింది. నల్లేరండీ అంది నాంచారమ్మ. చింతపండు రాసుకోకపోయావా అంటూ హన్నమ్మ తనే తెచ్చి, ఆమె అరచేతులకు రాసింది. రాస్తూ నెమ్మదిగా అంది.

"అబద్ధం చెబితే కత్తికి తెలిసిపోతుందంటారమ్మా ఈ మగాళ్లు. కత్తికేం తెలుస్తుంది. చెప్పినవాళ్లకే తెలుస్తుంది, ఇంటికెళ్లాక."

దురద తగ్గింది. నాంచారమ్మకు ఏడుపొచ్చింది. ఈ ఇల్లాలి దోసిట్లోనే గదా రెండేళ్ల క్రితం ఎర్రదట్టీ ఉంది, నా అబద్ధాన్ని నమ్మి దానికి పసుపు పెట్టుకోమని ఇచ్చింది ఈవిడే గదా అనుకుని గ్లాసు కింద పెట్టేసింది.

పన్నెండు పాఠాలూ సూరిబాబు ఎలాగో చేశాడు. ఆమె పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టింది. అలవాటు. తొమ్మిదో పాఠంలో అతను మలుపు తప్పబోయి ఆమెకేసి చూశాడు, ఆమె గడ్డం ఎడమకు తిప్పింది, అతను ఎడమకు తిరిగాడు. మట్టి ఉండలు రెండు భుజానికి తగిలాయి, మూడోది ఆ మణికట్టుకే తగిలింది. కర్ర జారబోయి ఆగింది. మూడుకు మించలేదు. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూశాడు. ఏమైందంటే, దోనె దిగుతూ జారానండీ అన్నాడు సూరిబాబు. మాస్టారు చెయ్యి వదిలేశాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మంగమ్మ తన ఎడమచేతిని కొంగులోకి లాక్కుంది.

చాప పరిచారు. నాంచారమ్మ పడుకుంది. చీర మీద తమలపాకు, ఆకు మీద దోసకాయ. పైన మామిడాకుల సందుల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఇరవైమంది శిష్యులు చుట్టూ బాసిపట్లు వేసుకు కూర్చున్నారు. పళ్లెంలో నల్లదట్టీ మడతపెట్టి ఉంది. సూరిబాబుకు గంతలు కట్టారు. అలవాటు చూసుకోవడానికి అతను ఉత్తి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు, కత్తి ఆ చేతికి అందడమే తరువాయి.

మాస్టారు వంగి అడిగాడు. "అమ్మా, ఈ చేతికి భయపడతావా?"

భయం లేదండీ అన్నమాట నాలిక చివర సిద్ధంగా ఉంది. అందామని నోరు తెరిచి, ఆగింది. ఎందుకంటే ఈసారి అది అబద్ధం కాదు. నిజంగానే భయం లేదు. ఆ చెయ్యి ఎత్తి ఉంది, తను దాని కింద పడుకుని ఉంది, ఒళ్లు ఎక్కడా బిగుసుకోలేదు. పన్నెండేళ్లుగా ఇంటి కప్పులా నెత్తిమీద ఉన్న భయం తొమ్మిది రోజుల నుంచి లేదు, అపరాధంతో సతమతమవుతూ తను చూసుకోనే లేదు. భయం లేదంటే చాలు. దట్టీ వస్తుంది, పనొస్తుంది, నిజం చెప్పినట్టూ ఉంటుంది. నిజంతోనే అబద్ధమాడొచ్చని ఆమెకు అప్పుడు తెలిసింది. అది ఆమెకు అన్నిటికన్నా పెద్ద పాపంగా తోచింది.

దోసకాయను రెండు చేతుల్తో పట్టుకుని లేచి కూర్చుంది.

"భయం లేదండీ. కాని పోయినసారి మీకు అబద్ధం చెప్పానండి. ఇవాళ ఆయనా చెప్పారు. ఆ మణికట్టు జారి బెణికింది కాదండీ. నేను కొట్టాను, తెడ్డుతో. తప్పు నాదేనండి."

శిష్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఒకడు నవ్వబోయాడు కూడా. మాస్టారు నవ్వలేదు. ఒకటే అడిగాడు.

"ఏ దెబ్బ కొట్టావమ్మా?"

"నాలుగోదండీ."

నవ్వబోయినవాడి నోరు మూతపడింది. ఇరవైమందీ తలలెత్తి చూశారు, ఆమెకేసి కాదు, గంతలతో నిలబడ్డ సూరిబాబు పైకెత్తిన చేతికేసి. ఏమీ కనబడకపోయినా ఆ చూపులు అతనికి తగిలినట్టున్నాయి. చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

తర్వాత గొడవేమీ జరగలేదు. మాస్టారు నల్లదట్టీ తీసి హన్నమ్మకిచ్చి పెట్టెలో పెట్టమన్నాడు. నడుమున ఉన్న ఎర్రదట్టీ కూడా విప్పమని సూరిబాబుతో చెప్పాడు. విద్య కావాలంటే ఇక్కడే ఉండి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టు, వద్దనుకుంటే నీ ఇష్టం అన్నాడు. ఇన్నేళ్లు అడగవలసినట్టు అడగలేదు, నాదీ తప్పుందమ్మా అని నాంచారమ్మతో అన్నాడు. సూరిబాబు గంతలు విప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆడవాళ్లు బండెక్కేటప్పుడు లేవలేదు.

దోనెలో అత్తాకోడళ్లిద్దరే మిగిలారు. నాంచారమ్మ గెడ వేసింది. పొద్దు కిక్కిస గడ్డి మీదికి వాలింది. వట్లూరు నుంచి మంగమ్మ ఒక్కమాట అనలేదు. తిడితే బాగుండునని నాంచారమ్మ ఎదురుచూసింది. కొడుకు పని పోగొట్టావనో, నలుగురిలో మొగుణ్ణి దించావనో, నీ చేతులు పడిపోనూ అనో అంటే కాస్త తేలికపడేది. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అని సామెత ఉంది గాని, అత్త మాట్లాడనందుకు ఏడ్చినదాని గురించి ఎవరూ చెప్పలేదు. నాంచారమ్మకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. తప్పు చేశాననే బాధ పోలేదు. పోతుందనీ ఆమె అనుకోలేదు. రేపు అతను వస్తాడో రాడో, వస్తే ఏ మొహంతో వస్తాడో తెలియదు. వచ్చి చెయ్యెత్తితే మాత్రం తన తల వంగదని తెలుసు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఇప్పుడు ఇరవైమందికి తెలుసు. రేపటి నుంచి నల్లేరు నూరనక్కర్లేదు అనుకుంది.

దోనె రేవుకు తగిలింది. నాంచారమ్మ ముందు దిగి, మోకాటిలోతు నీళ్లలో నిలబడి దోనె పట్టుకుంది. మంగమ్మ లేచి నిలబడింది గాని దిగలేదు. పన్నెండేళ్లలో ఏనాడూ ఆమె కోడలి సాయంతో దోనె దిగలేదు. ఇవాళ కొంగులోంచి ఆ వంకరచెయ్యి బయటికి తీసి, చాచగలిగినంత చాచి, కోడలి భుజం మీద వేసింది. బరువంతా దానిమీదే మోపి, నీళ్లలోకి ఒక్కొక్క అడుగే దిగింది. రెండు కాళ్లూ నేలకు ఆనాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు.

"నేను దోనె దిగుతూ ఏనాడూ జారలేదే, నాంచారూ" అంది.